సలుపుకు ఇంగ్లీషు మాట

పోయిన సంక్రాంతికి మా చెల్లెలి కూతురు బొమ్మిడి వచ్చింది. సేలంలో నర్సింగు చదువుతోంది. భోజనాలయ్యాక అరుగు మీద కూర్చున్నప్పుడు నన్నొక ప్రశ్న అడిగింది. "మామా, సలుపును ఇంగ్లీషులో ఏమంటారు?"

ఎందుకమ్మా అన్నాను. వార్డులో హరూరు వైపు నుంచి వచ్చిన ఒక ముసలామె ఉందట. ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి. ఈ పిల్ల తెలుగు పలుకు వినగానే ప్రాణం లేచొచ్చి, "కాలు సలుపుతోంది తల్లీ, రాత్రంతా కునుకు లేదు" అని చెప్పుకుందట. కేసు షీటు ఇంగ్లీషులో రాయాలి. మా పిల్ల 'పెయిన్' అని రాసింది. పైనున్న నర్సు చూసి, "పెయిన్ అంటే ఎలాంటి పెయిన్?" అని అడిగిందట. ఈ పిల్ల దగ్గర జవాబు లేదు. "నువ్వు ఇంగ్లీషులో దిట్టవు గదా మామా, అందుకే అడుగుతున్నా" అంది.

నేను దిట్టనని మా వాళ్ళందరి నమ్మకం. ఆ నమ్మకం ఊరికే రాలేదు, నేను కష్టపడి పెంచిందే. అయినా ఆ పూట నాకు మాట తోచలేదు. ఇలాంటి చోట మాట తోచకపోవడం అది మొదటిసారి కూడా కాదు. అందుకే ఇది రాయాలనిపించింది. నేను భాషావేత్తను కాను, కామర్సు చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. నాకు తెలిసిన లెక్కల భాషలోనే చెప్పుకుంటాను.

నేను తమిళ మీడియంలో చదివాను. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పరీక్షలో ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు మా అమ్మ చందమామ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని నేర్పింది. ఇంగ్లీషు మాత్రం నాకెప్పుడూ గోడ లాగే కనిపించేది. బి.కాం. రోజుల్లో సేలంలో పాత పుస్తకాల దుకాణంలో నార్మన్ లూయిస్ రాసిన 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ' దొరికింది. 1949లో మొదటిసారి అచ్చయిన పుస్తకం అది. మన దేశంలో బ్యాంకు పరీక్షలు రాసిన నా తరం వాళ్ళలో దాన్ని ఒక్కసారైనా తిరగెయ్యనివాళ్ళు తక్కువ. దాంతోబాటు రీడర్స్ డైజెస్టు పాత సంచికలు. అందులో 1945 నుంచి నెలనెలా వచ్చిన పదాల పరీక్ష శీర్షిక నాకు కంఠతా వచ్చేది. రోజుకు అయిదు మాటలు. గళ్ళ నోటు పుస్తకంలో ఎడమవైపు మాట, కుడివైపు అర్థం. రైల్లో ఆఫీసుకు పోతూ మొరప్పూరు దాటేలోగా నిన్నటి మాటలు ఒప్పజెప్పుకునేవాణ్ణి.

ఆ కష్టం వృథా పోలేదు. నాకు అన్నం పెట్టింది. ప్రమోషన్ ఇంటర్వ్యూలో నన్ను నిలబెట్టింది. కాబట్టి ఇంగ్లీషును తిట్టడానికి ఈ వ్యాసం రాయడం లేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే పని నేను చెయ్యను. నా ప్రశ్న వేరే. మాటలు పోగుచేసుకుంటే మనిషి బాగుపడతాడా? మాటల సంపద మనిషి మంచితనానికి ఏమైనా కలుపుతుందా, లేక సింగారానికి పనికొచ్చే సొమ్మేనా?

నా జీవితంలో జరిగిన రెండు సంగతులు చెబుతాను. రెండింటిలోనూ తప్పు నాదే.

మొదటిది మా అమ్మ సంగతి. 2014లో ఆమెకు కాలు నొప్పి మొదలయింది. అప్పటికే షుగరు ఉంది. "నాలుగడుగులేస్తే పిక్క పట్టేస్తుందిరా, కూచుంటే ఇడుస్తుంది. రాత్రిళ్ళు మడమ కాడ సలుపు. వేళ్ళల్లో చీమలు పారినట్టుంటుంది" అని చెప్పేది. ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు తమిళుడు. అమ్మకు తమిళం బాగానే వచ్చు, సంతలో బేరమాడినంత ధాటిగా వచ్చు. ఆమె నోరు తెరవబోయింది. నేను, "నువ్వుండమ్మా, నేను చెప్తాను" అన్నాను. చెప్పాను కూడా, ఇంగ్లీషులో. "లెగ్ పెయిన్ డాక్టర్, క్రానిక్, ఏజ్ రిలేటెడ్ అనుకుంటాను" అన్నాను. నేను బ్యాంకు ఆఫీసరునని ఆయనకు తెలియాలి గదా! ఆయన నాతో మర్యాదగా మాట్లాడి నొప్పి మాత్రలు రాసిచ్చాడు. నేను చెప్పిన దానికి అది సరైన మందే.

ఆరు నెలలు అవే మాత్రలు వాడాం. కాలి వేలు నల్లబడ్డాక వేరే చోటికి పరుగెత్తాం. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరు నన్ను పక్కకు నిలబెట్టి అమ్మనే అడిగాడు. "కుత్తుతా? ఎరియుతా? కుడైయుతా?" గుచ్చుతోందా, మండుతోందా, తొలుస్తోందా అని ఒక్కొక్కటే తమిళంలో అడిగాడు. అమ్మ సగం తమిళంలో, సగం తెలుగులో చెప్పింది. నడిస్తే పిక్క పట్టేసి, ఆగితే విడుస్తుందన్న మాట దగ్గర ఆయన ఆగాడు. పాదం మీద వేళ్ళు పెట్టి నాడి వెదికాడు. కాలికి నెత్తురు తీసుకుపోయే నాళం సన్నబడితే సరిగ్గా అలాగే ఉంటుందట. చీమలు పారినట్టుండడం షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నందుకట. అంటే మా అమ్మ ఆరు నెలల కిందటే రెండు జబ్బుల లక్షణాలను విడివిడిగా, వైద్య పుస్తకంలో ఉన్నట్టే చెప్పింది. రెంటినీ కలిపి 'లెగ్ పెయిన్' చేసింది నేను.

రెండు వేళ్ళు తీసేశారు. ముందే చెప్పి ఉంటే దక్కేవేమో, లేదేమో. ఆ డాక్టరు ఆ మాట అనలేదు, నేనూ అడగలేదు. అమ్మ 2018లో పోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. "వాడికి ఇంగ్లీషు బాగా వచ్చు" అని ఆఖరి దాకా అందరికీ చెప్పుకునేది.

తర్వాత్తర్వాత ఒక సంగతి చదివి ఆశ్చర్యపోయాను. 1975లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన రోనాల్డ్ మెల్జాక్ అనే శాస్త్రవేత్త నొప్పిని తెలుసుకోవడానికి ఒక ప్రశ్నావళి ప్రకటించాడు. అందులో ఉన్నవి మాటలే. 78 మాటలు, 20 గుంపులుగా. త్రాబింగ్, షూటింగ్, స్టాబింగ్, క్రాంపింగ్, బర్నింగ్, టింగ్లింగ్, ఏకింగ్, ఇలా. రోగి తన నొప్పికి సరిపోయే మాటను ఎంచుకోవాలి. నొప్పి ఎంత అన్న ఒక్క ప్రశ్న చాలదని, ఎలాంటిది అని కూడా అడగాలని ఆయన పట్టు.

ఆ పట్టిక ముందు పెట్టుకుని మా ఇంటి మాటలు పక్కన రాసి చూశాను. త్రాబింగ్ అంటే సలుపు. షూటింగ్ అంటే జివ్వున లాగడం. స్టాబింగ్ అంటే పోటు. క్రాంపింగ్ అంటే పట్టేయడం, కడుపులో అయితే మెలిపెట్టడం. బర్నింగ్ మంట. టింగ్లింగ్ తిమ్మిరి, చిమచిమ. ఏకింగ్ అంటే ఒళ్ళు తీపులు, కాళ్ళు పీకడం. ఒకటి రెండు చోట్ల పొందిక అటూ ఇటూ అయినా, చాలా మాటలు జత కుదిరాయి. పైగా నడుము కలుక్కుమనడం లాంటివి మా వైపే మిగిలాయి. మా అమ్మ బడికి పోయింది మూడో తరగతి దాకా.

ఇక్కడ నన్ను కలవరపెట్టిన విషయం చెప్పాలి. నా గళ్ళ నోటు పుస్తకాలు మూడూ వెదికాను. 'యుబిక్విటస్' ఉంది. 'మాగ్నానిమస్' ఉంది. నాలుగు రకాల కుహనా వైద్యులకు నాలుగు మాటలున్నాయి. త్రాబ్ లేదు. ఇంగ్లీషు పల్లెల్లో పసిపిల్లలకు కూడా తెలిసిన మాట నా దగ్గర లేదు. నేను చేర్చుకున్నవన్నీ పెళ్ళికి కట్టుకునే పట్టుబట్టలు. పొలానికి కట్టుకుపోయే గుడ్డ ఒక్కటీ లేదు.

ఇంగ్లీషు చరిత్ర తెలిసినవాళ్ళు దీనికి కారణం చెబుతారు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక దొరల మాటలు ఫ్రెంచి నుంచీ, పండితుల మాటలు లాటిన్ నుంచీ వచ్చి చేరాయి. అడగడానికి ఆస్క్ అనేది ఊరి మాట. క్వశ్చన్ ఫ్రెంచి వాటా. ఇంటరాగేట్ లాటిన్ వాటా. మనకూ అంతే గదా. అడగడం వేరు, ప్రశ్నించడం వేరు, విచారణ జరపడం వేరు. ఇంటికొచ్చిన చుట్టాన్ని ఎప్పుడొచ్చావని అడుగుతాం, విచారణ జరపం. మనలాంటివాళ్ళు ఇంగ్లీషులో అడుగు పెట్టేది మేడ మీద నుంచి. వంటిల్లు, పెరడు చూడం. కచేరీ గదిలోనే కూర్చుని లేచి వస్తాం. అందుకే మన ఇంగ్లీషులో దరఖాస్తు ఉంటుంది, ఏడుపు ఉండదు.

రెండో సంగతి బ్యాంకులో జరిగింది. ఊరు, పేరు వద్దు. ఈ జిల్లాలోనే ఒక పల్లె బ్రాంచిలో ఉన్నప్పుడు కర్రపెండలం రైతు ఒకాయన అప్పు కట్టలేకపోయాడు. ఆ ఏడు ధర పడిపోయింది. గడువు పెంచమని దరఖాస్తు పెట్టుకున్నాడు. చూసి రావడానికి నేను వెళ్ళాను. నన్ను చూస్తూనే ఆయన ఇంటి వెనకనుంచి చేలోకి వెళ్ళిపోయాడు. భార్య మజ్జిగ ఇచ్చింది. "వస్తాడు సారూ, కూచోండి" అంది. గంట కూర్చున్నా రాలేదు. తిరిగొచ్చి రిపోర్టులో ఒక మాట రాశాను. 'ఇవేసివ్.' తప్పించుకు తిరిగే స్వభావం కలవాడు అని. అది నా పుస్తకంలోని మాట. రాసినప్పుడు ఎంత చక్కగా కుదిరిందో అనుకున్న సంగతి కూడా గుర్తుంది. పై ఆఫీసు ఆ మాట చూసి గడువు పెంచడానికి ఒప్పుకోలేదు.

కొన్నేళ్ళ తర్వాత బొమ్మిడి స్టేషన్లో ఆయనే నన్ను గుర్తుపట్టి పలకరించాడు. పాడి పశువులు అమ్మి, అప్పు కట్టి, తిరుప్పూరులో బనియన్ల కంపెనీకి పోయాడట. నా మీద కోపం లేదు. తనే నాకు సంజాయిషీ చెప్పుకున్నాడు. "ఆ పొద్దు మీకు ఎదురుపడడానికి మొహం చెల్లలేదు సామీ" అన్నాడు.

మొహం చెల్లకపోవడం! మన ఇళ్ళల్లో రోజూ వినే మాట. బాకీ ఎగ్గొట్టాలనుకునేవాడికి ఆ అవస్థ ఉండదు. బాకీ గుర్తున్నవాడికే మొహం చెల్లదు. తప్పించుకు తిరిగేవాడూ, మొహం చెల్లనివాడూ చేసే పని చూడడానికి ఒకటే. ఇద్దరూ వెనక వాకిలి నుంచే పోతారు. లోపలున్నది మాత్రం ఒకదానికొకటి ఎదురు. ఒకరికి అప్పివ్వకూడదు. ఇంకొకరికి ఇవ్వాలి. నా దగ్గర రెండు మాటలూ ఉన్నాయి. ఒకటి పుస్తకంలో ఉంది, ఇంకొకటి నోట్లో ఉంది. ఫైలు దగ్గరకు వచ్చేసరికి నాకు పుస్తకంలోదే మాటగా కనిపించింది. ఇంటి మాటతో మనిషిని చూసి, ఆ చూసింది సాదా ఇంగ్లీషులో 'సిగ్గుపడి ఎదుటికి రాలేదు' అని రాసి ఉంటే సరిపోయేది. అషేమ్డ్ అన్న మాట నాకు ఎనిమిదో తరగతిలోనే వచ్చు.

ఈ రెండూ తలచుకున్నాక నాకు తోచింది ఇది. మాట లేనంత మాత్రాన నొప్పి ఆగదు. పసిబిడ్డకు మాటలు రావు, మూగజీవానికి అసలే లేవు, బాధ ఉంది. అనుభవించడానికి మాట అక్కర్లేదు. మాట అవసరం వినేవాడికి. అందుకని ఎక్కువ మాటలు నేర్చుకోవడం నేను బాగా మాట్లాడడానికి అనుకున్నంత కాలం అది సింగారమే. ఎదుటివాడు చెప్పింది చెడకుండా వినడానికి, విన్నది మరొకరి దగ్గరికి చెడకుండా చేర్చడానికి అనుకున్నప్పుడు అది ధర్మంలోకి వస్తుంది.

మనలాంటి పొలిమేర జనానికి ఈ ధర్మం మరీ ఎక్కువ. తెలుగు గడ్డ మీద ఉన్నవాడు ఒక భాషలో పుట్టి ఆ భాషలోనే పోవచ్చు. మనం అలా కుదరదు. తాలూకా ఆఫీసులో, ఆసుపత్రిలో, బ్యాంకులో ఒక మనిషి మాటను ఇంకొక మనిషికి అందించడం మనకు పుట్టుకతో వచ్చిన పని. పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకుని ఆఫీసులకు పోయి, వాళ్ళ తరఫున మాట్లాడిన పిల్లలు మనలో ఎందరు లేరు? దుబాసి మాట తగ్గిస్తే ఆ మేరకు మనిషి తగ్గిపోతాడు. 'నువ్వుండమ్మా, నేను చెప్తాను' అనేవాడికి చెప్పడం చేతనై ఉండాలి. కాకపోతే ఊరుకుని ఆమెను చెప్పనివ్వాలి.

దీనికి ఎదురు వాదన ఉంది. నా స్నేహితుడొకడు అంటాడు, "ఇవన్నీ కడుపు నిండినవాడి కబుర్లు. పిల్లలకు ఉద్యోగం వచ్చే ఇంగ్లీషు కావాలి. సలుపు, తీపు ముసలివాళ్ళతో పోనీ." కాదనలేను. మన పిల్లల పరిస్థితి అలాంటిదే. 2006 చట్టంతో తమిళనాడు బళ్ళలో ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి తమిళం తప్పనిసరి అయింది. తెలుగు చదివే వీలు చాలా చోట్ల సన్నగిల్లింది. మా చెల్లెలి కూతురికి తెలుగు అక్షరాలు రావు. బతకడానికి తమిళం, ఎదగడానికి ఇంగ్లీషు. ఇక తెలుగు దేనికి అంటే చప్పున చెప్పగలిగే జవాబు నా దగ్గర ఉండేది కాదు.

ఇప్పుడొకటి ఉంది. ఆ వార్డులో ముసలామెకు కావలసిన ఇంగ్లీషు మాట ఆ పిల్లకు తట్టాలంటే ముందు సలుపుకూ తీపుకూ తేడా తెలిసి ఉండాలి. తేడా ఎరగనివాడికి రెండు మాటలు నేర్పినా ఒకదాని బదులు ఇంకొకటి వాడతాడు. నేను ఇవేసివ్ వాడినట్టు. ఇంటి భాషలో చూపు పదునెక్కితేనే పరాయి భాషలో మాట సరిగ్గా తగులుతుంది. కాబట్టి మంచి ఇంగ్లీషు కావాలన్నా అవ్వ దగ్గర కూర్చోవలసిందే.

పెద్దవాళ్ళు ఈ పని మనకు చేసి చూపించారు. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక తెలుగు కోసం పోరాడిన మనిషిగానే మనకు గుర్తు. ఆయన కొండల్లోని సవరల భాష నేర్చుకుని, వాళ్ళ మాటలకు ఇంగ్లీషుతో నిఘంటువు తయారుచేశారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఊరూరా రైతుల నోటి నుంచి మాటలు సేకరింపజేసి, 1962లో మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయ సంపుటం తెచ్చారు. కానీ అది ఆంధ్రప్రదేశ్ జిల్లాల పని. పొలిమేరకు ఇవతలున్న మన పాప్పిరెడ్డిపట్టి, బుడ్డిరెడ్డిపట్టి అందులో లేవు. మనకు ఇంకా దగ్గరివాడు కి. రాజనారాయణన్. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ అనే పల్లెవాడు, ఇంట్లో తెలుగు, రాసింది తమిళం. కాలేజీ ముఖం చూడని రైతు. తెలుగువాళ్ళు దక్షిణానికి వలస వచ్చిన కథను 'గోపల్ల గ్రామం'గా రాశాడు. దాని తర్వాతి నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆయనే కరిసల్ నేల జనం వాడే తమిళ మాటలకు ఒక నిఘంటువు కూర్చాడు. 2021లో పోయాడు. ఇంటి భాష ఒకటైనా, పక్కింటి భాషలోని మామూలు మాటలను అంత ప్రేమగా ఏరుకున్నాడు. మాటలు కూడబెట్టడమంటే అది. నేను మేడ మీద ఏరుకున్నాను, ఆయన పెరట్లో ఏరుకున్నాడు.

బ్యాంకువాణ్ణి గనక ఒక లెక్క చెప్పి ముగిస్తాను. మీరు మా దగ్గర డిపాజిట్టు వేస్తే అది మీకు ఆస్తి. మా బ్యాలన్సు షీటులో మాత్రం అది అప్పుల వైపు ఉంటుంది. పెట్టె నిండా డబ్బున్నా అది మాది కాదు. అడిగిన రోజు తిరిగి ఇవ్వాలి. కొత్తగా చేరిన కుర్రాళ్ళకు ఇది ఒక పట్టాన ఎక్కదు. పదసంపద అన్న మాటలో నేను చేసిన పొరపాటూ ఇదే. దాన్ని ఆస్తి వైపు రాసుకున్నాను. అది అప్పుల వైపు ఉండవలసిన పద్దు. మా అమ్మ, మజ్జిగ ఇచ్చిన ఆ ఇల్లాలు, ఎదురుపడలేకపోయిన ఆ రైతు, అలాంటివాళ్ళు నా దగ్గర దాచుకున్న మాటలవి. ఇంగ్లీషు మాటలైనా అంతే, అవీ ఎవరో పల్లెవాళ్ళు నొప్పికి, సిగ్గుకి పెట్టుకున్న పేర్లే. అడిగిన పూట నేను ఇవ్వలేకపోయాను.

పదేళ్ళు ఎవరూ అడగని డిపాజిట్లను రిజర్వు బ్యాంకు 2014లో పెట్టిన ఒక నిధికి జమచేస్తాం. అంతమాత్రాన ఆ డబ్బు పోదు. ఖాతాదారు గానీ వారసులు గానీ ఎప్పుడొచ్చినా, రుజువు చూపి, తీసుకోవచ్చు.

మా చెల్లెలి కూతురు తిరిగి వెళ్ళేలోగా ఇద్దరం కూర్చుని ఒక నోటు పుస్తకం మొదలుపెట్టాం. మూడు వరసలు. మన మాట, తమిళ మాట, ఇంగ్లీషు మాట. మన మాటను తను తమిళ అక్షరాల్లోనే రాసుకుంది. అలా రాస్తే 'పాత', 'బాధ' రెండూ ఒకేలా ఉంటాయి. చూసి ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత తనే, "అయితే మన అక్షరాలు కూడా నేర్పు మామా" అంది. మొదటి వరసలో సలుపు రాసి, పక్కన త్రాబింగ్ అని రాశాం. మధ్యలో తమిళ మాట వార్డులో ఎవరినైనా అడిగి రాస్తానని ఖాళీ వదిలింది.

ఆ ఖాళీ చూస్తే నాకు ముచ్చటేసింది. అడిగి రాస్తానంది. నా పుస్తకాల్లో ఒక్క మాట కూడా నేనెవరినీ అడిగి రాసుకున్నది కాదు.